చేబదులు కథలు

(హనుమకొండలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, వెనుక వరుసల్లో సర్దుకుని కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

ఆహ్వాన పత్రికలో నా ప్రసంగాంశాన్ని ‘ఉపాధ్యాయ వృత్తి – కిశోర సాహిత్యం’ అని అచ్చు వేశారు. ఆ రెండింటి నడుమ ఉన్న చిన్న గీత దగ్గర నా చూపు ఆగిపోయింది. ఇరవై ఏడేళ్లుగా నేను పగలు ఆ గీతకు ఒక పక్కన, రాత్రి రెండో పక్కన ఉంటున్నాను. దాటిన ప్రతిసారీ బడి వైపు నుంచి ఏదో ఒకటి కొంగున కట్టుకుని పోతున్నాను. అది ఎవరిది, అడగకుండా తీసుకునే హక్కు నాకు ఎక్కడిది, తీసుకున్నదాన్ని ఎట్లా తిరిగివ్వాలి అన్నదే ఈ పూట నేను మాట్లాడదలచుకున్న విషయం. మన పిల్లలు పుస్తకాలు చదవడం లేదన్న బాధను పంచుకోవడానికి వచ్చినవారు నన్ను మన్నించాలి. ఆ బాధ మీద ప్రసంగాలు చాలానే విన్నాను, పిల్లలకు చదవడానికి ఏమిచ్చామో చెప్పినవారు మాత్రం తక్కువ.

ముందుగా నా ఉద్యోగం సంగతి కొంత చెప్పాలి. 1998 డీఎస్సీలో ఎంపికై తెలుగు పండితురాలిగా చేరాను. మొదటి పోస్టింగు ములుగు వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వచ్చింది. హనుమకొండ బస్టాండులో తెల్లవారి బస్సు ఎక్కి, ములుగులో దిగి, అక్కడి నుంచి జీపులోనో ఆటోలోనో ఊరు చేరేసరికి ప్రార్థన గంటకు పది నిమిషాలు మిగిలేది. ఆ బడి ఉన్నచోటనే ఉండి 2016లో వరంగల్ జిల్లా నుంచి జయశంకర్ భూపాలపల్లి జిల్లాకు, 2019లో ములుగు జిల్లాకు మారింది. నేను మాత్రం బదిలీల మీద పరకాల, నర్సంపేట ప్రాంతాలన్నీ తిరిగాను. భాషా పండితుల సంగతి ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు, మిగతావారి కోసం ఒక్క మాట. తొమ్మిది, పది తరగతులకు పాఠం చెప్పేది మేమే అయినా స్కూల్ అసిస్టెంటు హోదా, ఆ జీతం మాకు చాలాకాలం లేవు. నాలాంటి ఎందరికో ఆ పదోన్నతి అందింది 2024లో. హోదా తక్కువైనప్పుడు పీరియడుకూ విలువ తక్కువే. గణితం సిలబస్ వెనుకబడితే ‘తెలుగుదే కదా టీచర్, ఈ ఒక్క వారం ఇవ్వండి’ అంటారు. ఎవరూ అడగని పీరియడు వారంలో ఒకటే ఉండేది, శనివారం చివరిది. నా పుస్తకాలన్నీ ఆ పీరియడులోంచే వచ్చాయి.

ఆ మొదటి బడిలో ఒక ఇనుప బీరువా ఉండేది. దానికి గ్రంథాలయం అని పేరు. తాళంచెవి ప్రధానోపాధ్యాయుల సొరుగులో ఉండేది, ఎందుకంటే పుస్తకం పోతే జీతంలోంచి కట్టాల్సి వస్తుందని ఆయన భయం. ఆ భయాన్ని నేను తప్పుపట్టను, రిజిస్టరు రాసినవాళ్లకు దాని బరువు తెలుస్తుంది. బతిమాలి తాళం తీయించి శనివారం పీరియడులో తొమ్మిదో తరగతి పిల్లలకు పుస్తకాలు పంచాను. సోమవారం ఉదయమే ఒక అబ్బాయి తిరిగి తెచ్చాడు. ‘‘గిది చిన్నపిల్లలది టీచర్. మా చెల్లెకు సదివి చెప్పిన, నిద్రపోయింది’’ అన్నాడు. నక్క, కొంగ, అత్యాశకు పోయిన వర్తకుడు ఉన్న పుస్తకం అది. సరేనని పై అరలోంచి ఒక పెద్ద నవల తీసి ఇచ్చాను. వారం తర్వాత దాన్నీ బల్ల మీద పెట్టి, ‘‘గిండ్ల అంతా పెండ్లయినోళ్ల లొల్లే ఉన్నది టీచర్, నాకేం సమజ్ గాలె’’ అన్నాడు. బీరువా అంతా వెతికాను. చెల్లెలు నిద్రపోయే కథకూ, పెళ్లయినవాళ్ల లొల్లికీ నడుమ ఆ అబ్బాయి నిలబడటానికి జానెడు చోటు కనిపించలేదు.

నా తరానికి ఆ లోటు అంతగా తెలియలేదంటే కారణాలు రెండున్నాయి. 1947 జూలైలో మొదలైన చందమామ మా చిన్నతనంలో ఇంటింటా ఉండేది. దాన్ని దాటగానే అమ్మ దిండు కింది వారపత్రిక సీరియల్‌లోకి దొంగతనంగా దూకేవాళ్లం. ఆ దూకుడులో కాళ్లు విరగకుండా కాపాడినవి సోవియట్ పుస్తకాలు. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు మాస్కోలో తెలుగులోనే అచ్చువేసిన ఆ నున్నని పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో రెండు మూడు రూపాయలకు దొరికేవి. వాటిలో మా వయసు వాళ్లు ఉండేవారు. మంచులో బడికి నడిచేవారు, అబద్ధాలు ఆడేవారు, తండ్రి యుద్ధం నుంచి రాకపోతే ఏడవకుండా కట్టెలు కొట్టేవారు. మంచు అంటే ఏమిటో తెలియని వరంగల్ ఎండలో కూర్చుని వాళ్లను మా వాళ్లే అనుకున్నాం. 1991లో సోవియట్ యూనియన్‌తోపాటు ఆ ధారా ఆగిపోయింది. ఆ ఖాళీని గుర్తించిన ప్రయత్నాలు తర్వాత లేకపోలేదు. 2008లో హైదరాబాదులోని అన్వేషి సంస్థ దళిత, ముస్లిం తదితర అట్టడుగు వర్గాల పిల్లల బతుకులతో వేసిన కథల పుస్తకాలు చూసినప్పుడు, మా తరగతి గది మొదటిసారి అచ్చులో కనిపించినట్టు అనిపించింది. కానీ అటువంటివి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే.

లోటు ఎందుకు ఏర్పడిందని ఆలోచిస్తే నాకు పుస్తకాల కంటే ముందు మన మాటలే కనిపిస్తాయి. ఏడో తరగతి చదువుతున్న పిల్ల వారం రోజులు బడికి రాదు. ఏమైందని అడిగితే ‘పెద్దమనిషి అయింది టీచర్’ అని పక్క బెంచీ పిల్ల చెబుతుంది. శుక్రవారం దాకా తొక్కుడుబిళ్ల ఆడిన పిల్ల సోమవారానికి పెద్దమనిషి. చీర కట్టించి, ఫంక్షన్ చేసి, ఫ్లెక్సీ వేసి ఊరికంతటికీ ఆ సంగతి చాటుతాం, ఆ పిల్ల మనసులో ఏమున్నదో మాత్రం ఎవరమూ అడగం. మగపిల్లవాడికి ఆ మాత్రం ఫంక్షన్ కూడా లేదు, ‘మీసాలొచ్చినయి, ఇంక నీకు చెప్పేదేంది’ అన్న మాటతో వాడి బాల్యం ముగుస్తుంది. కౌమారం అన్న సంస్కృత పదం మనకు ఉంది, అయితే అది పాఠ్యపుస్తకంలో జీవశాస్త్రం పుటల్లో ఉండిపోయింది. చట్టం దగ్గరికి వెళ్లినా అదే తడబాటు. విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్లకు ఆగిపోతుంది. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు పద్నాలుగు నిండి పద్దెనిమిది నిండనివారిని కౌమారులుగా విడిగా నిర్వచించి, ప్రమాదకరమైన పనుల్లో మాత్రం పెట్టుకోరాదన్నారు. బడికి పంపే హక్కు ఏ వయసులో తెగిపోతుందో ఆ వయసులోనే వాళ్లకు పనివాళ్లుగా ఒక పేరు పుట్టిందన్నమాట. అక్టోబరు నుంచి పత్తి, జనవరి దాటితే మిరప. ఆ నెలల్లో మా హాజరుపట్టీ చూస్తే ఈ సంగతి వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

అయితే ఆ వయసు పిల్లవాడి కథ మనకు లేనేలేదని అనడం కూడా తప్పే. ఇక్కడికి యాభై అరవై కిలోమీటర్లలో బమ్మెర ఉంది. పోతన ప్రహ్లాద చరిత్రను భక్తి కోసం చదువుతాం, పద్యాల కోసం కంఠస్థం చేయిస్తాం; పాతికేళ్లు పాఠం చెప్పిన తర్వాత నాకు అందులో ఒక బడి కనిపించడం మొదలైంది. చండామార్కులనే ఇద్దరు గురువులు ఉన్నారు. వాళ్లకు చెడ్డ పేరు వస్తుందన్న భయం ఉంది, పై అధికారి వంటి రాజు ఉన్నాడు, సిలబస్ ఉంది. పిల్లవాడు పాఠం అప్పజెప్పమంటే చక్కగా అప్పజెబుతాడు, మనసులో ఉన్నది చెప్పమంటే మరొకటి చెబుతాడు. తోటి పిల్లలతో అతడు మనసు విప్పి మాట్లాడేది ఎప్పుడో గమనించండి. గురువులు ఇంటిపనుల మీద వెళ్లినప్పుడు. ఉపాధ్యాయురాలిగా ఇది నాకు చేదుగానే ఉంటుంది. ఆ వయసు పిల్లల అసలు సంభాషణ మేము గదిలో లేనప్పుడు జరుగుతుంది, తిరిగి రాగానే ఆగిపోతుంది. కిశోరుల కోసం రాయదలచిన ఉపాధ్యాయులు ఎవరైనా తాము లేని గదిలో జరిగినదాన్ని రాయాలి. అక్కడే ఆ గీత చిక్కుముడిగా మారుతుంది.

నేను రాయడం మొదలుపెట్టిన తీరు చెబుతాను. ఆ తొమ్మిదో తరగతి అబ్బాయి కోసం మొదట పుస్తకం వెతికి, దొరకక, చివరికి నేనే పది పుటలు రాసి శనివారం చదివి వినిపించాను. పీరియడు నలభై ఐదు నిమిషాలు, శనివారం చివరి గంటలో సంచులు సర్దుకునే సందడి పోతే మిగిలేది ముప్ఫై. నా అధ్యాయాలన్నీ నేటికీ ఆ ముప్ఫై నిమిషాల నిడివిలోనే ఉంటాయి; విమర్శకులొకరు దాన్ని నా శిల్పం అన్నారు, అది మా టైంటేబుల్. తరగతి మీద చదివితే ఒక మేలుంది. పెద్దల సభలో కథ విసుగు పుట్టిస్తే చేతిలో ఫోను చూసుకుంటారు. తొమ్మిదో తరగతిలో మూడో వాక్యానికే చివరి బెంచీలో బొంగరం చేతులు మారుతుంది. ఎక్కడ బొంగరం బయటికి వచ్చిందో అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకునేదాన్ని. అట్లా గీతలు పడినవాటిలో ఎక్కువ భాగం నేను బుద్ధులు చెప్పిన వాక్యాలే. తాగిన తండ్రి మీద కోపగించుకున్న పిల్లవాడికి, తల్లి కష్టం గుర్తుచేసి, రేపు నువ్వు పెద్ద ఉద్యోగం చేయాలని చెప్పించిన ఒక పేరా మీద నాకు ఎంతో ప్రేమ ఉండేది. అది చదివినప్పుడు ఒక పిల్ల, ‘‘మధ్యల గిదెవరు మాట్లాడుతున్నరు టీచర్?’’ అని అడిగింది. కథలోని తల్లి మాట్లాడుతున్నదని చెప్పాను. ‘‘కాదు, మీరే మాట్లాడుతున్నరు’’ అన్నది. ఆ పేరా తీసేశాను. ఆ తర్వాత నా రాతప్రతుల్లో నా గొంతు ఎక్కడ దూరిందో వెతకడానికి రాసినంత కాలమూ పట్టేది.

భాష దగ్గర నా పరిస్థితి ఇంకొంచెం హాస్యాస్పదంగా ఉండేది. సెప్టెంబరు 9 కాళోజీ జయంతి, తెలంగాణ భాషా దినోత్సవం. ప్రార్థనా సమావేశంలో నిలబడి, ఇంట్లో మాట్లాడే పలుకుబడిని చిన్నచూపు చూడకూడదని, ఆ భాషలోనే రాయాలని ఆయన జీవితాంతం కొట్లాడారని పిల్లలకు చెబుతాను. పదో తేదీన నోటుబుక్కులు దిద్దుతూ ‘మా అవ్వ పత్తి ఏరవోయింది’ అని రాసిన చోట ఎర్రసిరాతో గీత కొట్టి ‘వెళ్లింది’ అని రాస్తాను, ఎందుకంటే మార్చిలో బోర్డు పరీక్షలో దిద్దేవారు ఎవరో నాకు తెలియదు. అదే రాత్రి ఇంట్లో నా నవలలో ‘మా అవ్వ పత్తి ఏరవోయింది’ అని రాసుకుని, ఎంత సహజంగా వచ్చిందోనని మురిసిపోతాను. నేను పొద్దున కొట్టివేసిన వాక్యంతో రాత్రి పేరు తెచ్చుకుంటున్నాను. ఇప్పుడు కూడా ఈ వైరుధ్యానికి పూర్తి పరిష్కారం నా దగ్గర లేదు. చేయగలిగినది ఒకటే చేశాను. ఎర్రసిరా మానేసి పెన్సిలు పట్టాను, ‘వెళ్లింది’ అన్నది పక్కన రాస్తాను, పిల్ల రాసిన మాటను కొట్టివేయను.

డబ్బు సంగతి త్వరగా చెప్పి ముందుకు పోతాను. మొదటి పుస్తకం 500 ప్రతులు నా సొంత ఖర్చుతో వేయించాను, చెల్లిపోవడానికి నాలుగేళ్లు పట్టింది. డిసెంబరులో హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో పిల్లలు చేతిలోకి తీసుకుంటారు, తల్లిదండ్రులు వెల చూసి పోటీ పరీక్షల స్టాల్ వైపు తీసుకుపోతారు. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయాలకు వెళ్లాలని 1960 చట్టం చెబుతోంది; ఆ పైసలు స్థానిక సంస్థల నుంచి సకాలంలో అంది, అందులోంచి కిశోరుల పుస్తకాలకు ఒక అర కేటాయిస్తే మా వంటివారికి వేరే సహాయం అక్కరలేదు. 1904లోనే ఈ హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం పెట్టుకున్నవాళ్లం మనం, ఇంతకంటే చెప్పడం బాగుండదు.

ఇప్పుడు నేను చెప్పడానికి వచ్చిన సంగతి.

రెండో నవల రాసేనాటికి నేను మరో బడిలో ఉన్నాను. ఆ బడి పేరు, ఊరు పేరు చెప్పను. ఎనిమిదో తరగతికి ‘నేను దాచుకున్న వస్తువు’ అని వ్యాసం ఇచ్చాను. అందరూ నెమలీక, అన్న ఇచ్చిన గడియారం అని రాస్తే ఒక పిల్ల మాత్రం డబ్బు గురించి రాసింది. సెలవుల్లో మిరపకాయ ఏరిన కూలి పైసలు కొన్ని అవ్వకు తెలియకుండా, బాపు తాగుడుకు చిక్కకుండా దాస్తున్నానని, పది పాసయ్యాక హనుమకొండలో హాస్టల్‌లో చేరడానికని రాసింది. ఎక్కడ దాచిందో కూడా రాసింది. పగిలిన గ్రామఫోను పెట్టె ఒకటి వాళ్ల తాతదట, అటుక మీద పడి ఉంటుందట. దాన్ని అందరూ విరిగిపోయిందనుకుంటారు కాబట్టి ఎవరూ తెరవరని రాసింది. ఆ వాక్యం చదివినప్పుడు నా చేయి ఆగిపోయింది. పదికి పది వేశాను. ‘చాలా బాగుంది’ అని కింద రాశాను. ఆ రాత్రే ఆ గ్రామఫోను పెట్టెను నా నవలలోకి తెచ్చుకున్నాను.

పిల్ల పేరు మార్చాను, ఊరు మార్చాను, మిరప చేను తీసేసి పత్తి చేను పెట్టాను. మార్చవలసినవన్నీ మార్చాననుకున్నాను. గ్రామఫోను పెట్టెను మాత్రం మార్చలేదు, ఎందుకంటే అది అంత బాగుంది. పుస్తకం వచ్చాక ఒక ప్రతిని మా బడికే బహుమతిగా ఇచ్చాను. ఉపాధ్యాయ దినోత్సవం నాడు తోటి ఉపాధ్యాయులొకరు ప్రేమతోనే అందులోంచి రెండు పుటలు మైకులో చదివారు. ఆ మైకు ఊరంతా వినిపిస్తుంది. ఊళ్లో గ్రామఫోను పెట్టె ఉన్న ఇల్లు ఒకటే.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో ఏం జరిగిందో నేను చూడలేదు. మరునాడు ఆ పిల్ల బడికి వచ్చింది, రోజూ కూర్చునే చోటనే కూర్చుంది. మధ్యాహ్నం భోజనాల వేళ స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా, ‘‘టీచర్, గది నేను మార్కుల కోసం రాసిచ్చిన’’ అన్నది. అంతే అని వెళ్లిపోయింది. ఆ పైసలు పోయాయని మిగతా పిల్లల ద్వారా తెలిసింది. నా దగ్గర ఉన్నది ఆమె చేతిలో పెట్టబోయాను, తీసుకోలేదు. తీసుకొమ్మని నేను ఎంతగా అడిగినా వాళ్ల అవ్వ కూడా తీసుకోలేదంటే మీరు నమ్మాలి. పేదవాళ్ల పట్టుదల ఎట్లా ఉంటుందో నాకు ఆనాడు అర్థమైంది. అంతకంటే పెద్ద శిక్ష తర్వాతి నెలలో పడింది. వ్యాసం ఇస్తే ఆ పిల్ల గైడులోంచి ఎత్తి రాసింది, కామా కూడా పొల్లుపోకుండా. ఆ ఏడాది, ఆ తర్వాతి ఏడాది ఆమె నాకు సొంతవాక్యం ఒక్కటి రాసివ్వలేదు. పాసైంది, మంచి మార్కులే వచ్చాయి, టీసీ తీసుకుని వెళ్లిపోయింది.

‘మార్కుల కోసం రాసిచ్చిన’ అన్న మాట గురించి చాలాకాలం ఆలోచించాను. ఆ పిల్ల నన్ను నిందించలేదు, జరిగిన లావాదేవీ ఏమిటో గుర్తుచేసింది. పిల్లలు మాకు రాసిచ్చే ప్రతి వాక్యానికీ మేము మార్కులతో వెల కడతాం, ఆ వెలకు వాళ్లు ఇచ్చింది దిద్దడానికే. రచయితలు బస్సులో, సంతలో, పెళ్లిలో వింటారు. అక్కడ చెప్పేవాడు వినేవాడి దయ మీద ఆధారపడి ఉండడు. తరగతిలో అట్లా కాదు. రాయనంటే మార్కు పోతుంది, చెప్పనంటే టీచరుకు కోపం వస్తుందేమో. చేబదులు తెచ్చుకునేవాడు కనీసం గడప ముందు నిలబడి అడుగుతాడు. నేను అడగలేదు.

ఆ తర్వాత నాకు నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. నోటుబుక్కులో చదివినది ఏదీ కథలోకి తేకూడదు. బడిలో ఉన్న పిల్లల సంగతి వాళ్లు బడి విడిచిపోయేదాకా ముట్టుకోకూడదు. పెద్దయ్యాక కనిపిస్తే అడగాలి, వద్దంటే వదిలేయాలి. ఒక వస్తువు ఎంత బాగుంటే దాన్ని అంత తప్పనిసరిగా మార్చాలి. ఇవి మంచి నియమాలేనని మీలో చాలామంది తలూపుతున్నారు. వాటి వల్ల నా రచన దెబ్బతిన్నదని కూడా చెప్పాలి. పిల్లలు వెళ్లిపోయేదాకా ఆగితే కథ పదేళ్లు వెనుకబడుతుంది. 2020లో కరోనాకు బడులు మూతపడి, సెప్టెంబరు 1న టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానెళ్లలో పాఠాలు మొదలై, ఇంట్లో ఉన్న ఒక్క ఫోను చుట్టూ అన్నాచెల్లెళ్లు కొట్లాడుకుంటున్న రోజుల్లో నా నవలలో పిల్లలు నోటుబుక్కు మధ్యన చీటీలు పెట్టి పంపుకుంటున్నారు. బడులు తెరిచాక ఒక అధ్యాయం చదివి వినిపిస్తే ఒక అబ్బాయి ఎంతో మర్యాదగా, ‘‘టీచర్, ఇది మీరు సదువుకున్నప్పటి కథనా?’’ అని అడిగాడు. నియమం తప్పితే ఒక పిల్ల పైసలు పోయాయి, నియమం పాటిస్తే కథ పాతబడింది. ఈ రెంటికీ మధ్య నేను ఇప్పటికీ ఊగుతూనే ఉన్నాను.

ఊగుతూ చేసినది ఒకటి ఉంది. శనివారం పీరియడుకు మార్కులు లేని నోటుబుక్కు ఒకటి పెట్టాను. తరగతికంతా ఒకటే పుస్తకం, అందులో ఎవరైనా ఏ పేరుతోనైనా రాయవచ్చు, రాయకపోయినా ఎవరూ అడగరు. నేను చదవాలనుకుంటే చదవవచ్చని వాళ్లు రాసిన పుటలను మాత్రమే చదువుతాను. మిగతావాటి అంచులు మడిచి ఉంటాయి, మడత విప్పను. మొదటి రోజునే ఒక షరతు కూడా చెబుతాను. మీ మీద ఎవరైనా చేయి వేశారనో, వేయబోయారనో నాకు తెలిస్తే, 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పడం నా విధి, ఆ ఒక్క విషయంలో రహస్యం దాచలేను, ముందే చెబుతున్నానని. ఆ మాట చెప్పాక పిల్లలు రాయడం మానేస్తారని తోటివారు భయపెట్టారు. ఇద్దరు పిల్లలు అందుకోసమే వచ్చి చెప్పారు. ఆ సంగతి అంతకుమించి చెప్పను, అవి కథలు కావు.

ఆ నోటుబుక్కు వల్ల నాకు కలిగిన నష్టం ఏమిటంటే, వాళ్లు నా కంటే బాగా రాస్తున్నారు. పోయిన ఏడాది ఒక అమ్మాయి మేడారం జాతరలో తప్పిపోయిన తమ్ముడి కోసం వెతికిన రాత్రి గురించి నాలుగు పుటలు రాసింది. కోటి మంది నడుమ మైకులో వందల పేర్లు చదువుతుంటే, తమ్ముడి పేరు వినిపించకూడదని మొక్కుకున్నదట. పేరు వినిపిస్తే దొరికినట్టే కదా అని అడిగితే, ‘‘వానికి వాని అసలు పేరు తెల్వది టీచర్, బుజ్జి అంటేనే పలుకుతడు, పేరు సదివిండ్రంటే వేరే పిలగాడన్నట్టు’’ అన్నది. ఇరవై ఏళ్లు రాసిన చేయి ఇటువంటిది ఊహించలేదు. పాత రోజుల్లోనైతే ఆ రాత్రికే అది నా నవలలో ఉండేది. ఈసారి ఆమెను అడిగాను, ఇక్కడ చెప్పవచ్చా అని. రెండు రోజులు ఆలోచించుకుని, చెప్పవచ్చు గానీ రాయొద్దు, నేనే రాస్తా అన్నది. అందుకే ఈ ప్రసంగం అచ్చువేసే ముందు ఈ ఒక్క పేరా కోసం ఆమెను మళ్లీ అడిగాను. ప్రసంగానికి సరేనన్నది, నవలకు ఇప్పటికీ కాదనే అంటున్నది.

ఇంక గ్రామఫోను పెట్టె సంగతి. రెండో ముద్రణలో ఆ వస్తువును తీసేశాను. దాని స్థానంలో పెట్టినది అంత బాగా లేదు, చదివినవారు ఇద్దరు ముగ్గురు ఆ చోట కథ పలచబడిందని అన్నారు, కాదనలేదు. మొదటి ముద్రణ ప్రతులు నా దగ్గర మిగిలినవి నేనే ఉంచుకున్నాను. అమ్ముడైనవాటిని వెనక్కి తేలేను. మన ప్రాంతంలోని ఒక గ్రంథాలయంలో ఒక ప్రతి ఉందని తెలిసి, కొత్త ముద్రణ ప్రతి తీసుకుని వెళ్లి మార్చి ఇవ్వమని అడిగాను. గ్రంథపాలకులు రిజిస్టరు తెరిచి, నమోదు సంఖ్య చూపించి, చిరిగిపోతేనో పోతేనో తప్ప పుస్తకాన్ని తొలగించే పద్ధతి లేదని చెప్పారు. రచయిత వచ్చి తన పుస్తకాన్నే తీసేయమంటే తీసేసే గ్రంథాలయాన్ని నేనైనా గౌరవించను, కాబట్టి ఆయన చెప్పింది సరైన మాటే. కొత్త ప్రతిని కూడా ఇచ్చి వచ్చాను. ఇప్పుడు ఆ అరలో రెండూ పక్కపక్కన ఉన్నాయి. పాతదానికి వెనుక అంటించిన చీటీలో తీసుకున్న తేదీల ముద్రలు చాలా ఉన్నాయి, కొత్తదానికి ఇంకా రెండే పడ్డాయి.

నాకు ఇచ్చిన సమయం అయిపోయినట్టుంది. వెనుక వరుసలో ఒక బాబు ఇంతకుముందు నుంచి చేయి ఎత్తి దించుతున్నాడు. పెద్దల కంటే ముందు అతని ప్రశ్న తీసుకుందాం.